ఒక్క దేశమే కుదిరితే, బొలీవియా

నెల రోజుల సెలవు ఉంది, దక్షిణ అమెరికాలో ఒక్క దేశమే చూడగలను, ఎక్కడికి వెళ్ళమంటారు అని అడిగారు. నేనైతే బొలీవియా అంటాను. 2019 ఏప్రిల్, మే నెలల్లో వీపు మీద ఒక బ్యాగుతో అక్కడ ఐదు వారాలు తిరిగాను. ఉయుని ఉప్పు మైదానం ఫొటోలు చూసి వెళ్ళాను కానీ, నా మనసు లాగేసింది మాత్రం సుక్రే ఊరి మార్కెట్.

అక్కడ పళ్ళరసం అమ్మే ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఉంటారు. గ్లాసు నిండా పోసిస్తారు. అది తాగాక, జార్‌లో మిగిలినది మళ్ళీ మీ గ్లాసులోనే ఒంపుతారు. దాన్ని 'యాపా' అంటారు. అచ్చంగా మన కొసరు! పాలబ్బాయి దగ్గర మా అమ్మ రోజూ అడిగి పోయించుకునే కొసరు ఇంత దూరంలో కనిపించేసరికి, నాకు గొంతులో ఏదో అడ్డం పడినట్టయింది. కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ ఒకరినొకరు 'కసేరా' అని పిలుచుకుంటారు, అంటే రోజూ వాడుకగా ఉండే మనిషి అని. మూడో రోజుకి ఆ జ్యూసమ్మ నన్నూ ముద్దుగా 'కసేరిటా' అంది.

తిండి గురించి బెంగ పెట్టుకోకండి. ప్రతి భోజనంలోనూ 'యాహువా' ఉంటుంది. టమాటా, లొకోతో అనే కారం మిరపకాయ కలిపి రాతి మీద నూరిన పచ్చడి అది. మన రోటి పచ్చడి తిన్న నోటికి కొత్తగా ఏమీ ఉండదు. వేరుసెనగ సూపు కూడా బాగుంటుంది కానీ, చాలాచోట్ల అందులో మాంసం వేస్తారు. శాకాహారులైతే ముందే అడగండి.

నేను చేసిన పొరపాటు మీరు చేయొద్దు. నేరుగా లా పాజ్ నగరం పక్కనే ఉన్న ఎల్ ఆల్తో విమానాశ్రయంలో దిగాను. అది సముద్రమట్టానికి 4,000 మీటర్ల పైన ఉంటుంది, గాలి పలచన. రెండు రోజులు తలనొప్పి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. హాస్టల్ ఆంటీ కోకా ఆకుల టీ కాచిచ్చి, కదలకుండా పడుకోమంది. మీరు ముందు కింద ఉన్న శాంతాక్రూజ్‌లో దిగి, తర్వాత 2,800 మీటర్ల సుక్రే, ఆ తర్వాతే పొతోసీ, లా పాజ్ చూడండి. లా పాజ్‌లో కేబుల్ కార్లే సిటీ బస్సుల్లా తిరుగుతాయి. సాయంత్రం దీపాలు వెలిగే వేళకి ఎక్కండి.

రాస్తారోకోలు మామూలే, కాబట్టి చేతిలో రెండు రోజులు ఎక్కువ ఉంచుకోండి. పొతోసీ దాటాక మా బస్సు ఆరు గంటలు ఆగిపోయింది. టెన్షన్‌తో ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాను. పక్క సీటు పెద్దావిడ వీపుకు కట్టుకున్న రంగుల గుడ్డ విప్పి, ఒళ్ళో పరిచి, ఉడికించిన దుంపలు, జున్నుముక్కలు తీసింది. వాటిలో నల్లగా ముడుచుకున్న దుంపలు కూడా ఉన్నాయి. చూన్యో అంటారు. బంగాళదుంపల్ని రాత్రి మంచులో గడ్డకట్టించి, కాళ్ళతో తొక్కి నీరు పిండి, ఎండలో ఆరబెడతారు. ఏళ్ళ తరబడి నిలవుంటాయట. ఒకటి నా చేతిలో పెట్టింది. రుచి మట్టివాసనగా ఉంది. రెండోది నేనే అడిగి తీసుకున్నాను, ఆవిడ నవ్వింది.

ఉయుని కూడా చూడండి, 10,000 చదరపు కిలోమీటర్లు దాటిన తెల్లటి ఉప్పు మరి. స్వెట్టర్లు మర్చిపోకండి. ఇక సుక్రేలో జ్యూస్ తాగగానే గ్లాసు తిరిగిచ్చేయకండి, కాసేపు అక్కడే నిలబడండి.