కుడిగాలా, కుడిమలుపా?

సందేహం: మా కుర్రాళ్లకు కాటమరాన్ (పక్కపక్కన రెండు పడవ డొప్పలున్న తెరచాప పడవ) పందేల పాఠాలు తెలుగులో రాస్తున్నాం. ‘స్టార్‌బోర్డ్ ట్యాక్’ను ‘కుడిమలుపు’ అనవచ్చా? కాటమరాన్‌కు మన ‘తెప్ప’ సరిపోదా?
– ఒక పాఠకుడు, గోపాలపూర్, గంజాం జిల్లా

సమాధానం: ‘కుడిమలుపు’ వద్దు, అర్థం తారుమారవుతుంది. స్టార్‌బోర్డ్ ట్యాక్ అంటే గాలి కుడిపక్క నుంచి తగులుతుండగా సాగే నడక. మీ తీరంలో దక్షిణపుగాలి వీస్తుంటే ఆగ్నేయానికి పోయే పడవది అదే. అది అణియాన్ని (పడవ ముందు కొనను) కుడికి తిప్పి నైరుతికి మళ్లిందా, గాలి ఎడమపక్కకు వస్తుంది, పోర్ట్ ట్యాక్ అవుతుంది. అంటే కుడికి తిరిగితే దక్కేది పోర్టే! ‘కుడిగాలి’, ‘ఎడమగాలి’ అనండి. రెండూ ఎదురుపడితే ఎడమగాలి పడవ తప్పుకోవాలన్న నియమమూ ఈ మాటలతో తేలిగ్గా గుర్తుంటుంది.

ట్యాకింగ్, అంటే అణియాన్ని ఎదురుగాలికి అడ్డంగా దాటించి అవతలి పక్కకు తిప్పే పనిని ‘ఎదురుగాలి మలుపు’ అనవచ్చు. ఇక్కడ పేరుకన్నా క్రియలు ముఖ్యం. ‘చుక్కాని తిప్పు’ అని రాస్తే కుర్రాడు ఒక్కసారిగా అడ్డం పెడతాడు. అది బ్రేకు వేసినట్టే. కాటమరాన్ తేలిక, పైగా రెండు డొప్పలు. వేగం పోతే మలుపు మధ్యలోనే నిలిచిపోతుంది. ‘వేగం మీదుండగా చుక్కాని పిడిని మెల్లగా నెట్టు’ అనండి. అణియం గాలికి సూటిగా రాగానే పెద్ద చాప (తెరచాప) తాడును ‘సడలించు’, ఒకటి రెండడుగులు చాలు. బిగువుగా ఉంటే ఆ చాపే పడవను మళ్లీ గాలిలోకి తిప్పుతుంది. ముందుచాపను మాత్రం పాత వైపే ‘పట్టి ఉంచు’, అణియం గాలిని దాటాకే ‘వదులు’. పడవ వెనక్కి జారితే చుక్కాని పని తిరగబడుతుంది. పిడిని అవతలి వైపుకు మార్చాలి.

‘స్టార్ట్’ను ‘బయలుదేరడం’ అనకండి. పడవలు అప్పటికే నీటిలో తిరుగుతుంటాయి. సాధారణంగా 5, 4, 1 నిమిషాల సంకేతాల తర్వాత మొదలుగీత దాటాలి. ‘గీత దగ్గర నిలబడు’ అన్నదీ తప్పే: వేగం లేని కాటమరాన్ పక్కకు కొట్టుకుపోతుంది. గాలి వాలు వైపు (గాలి పోయే వైపు) ఖాళీ ఉంచుకుని, చివరి ఇరవై ముప్పై సెకన్లలో అటు కొద్దిగా మళ్లి వేగం అందుకోమనండి. ముందే దాటితే వెనక్కి వచ్చి మళ్లీ దాటాలి.

‘తెప్ప’ అంటే మీ వాళ్లకు దుంగలు కట్టినదే గుర్తొస్తుంది. కాటమరాన్ అన్నదీ ‘కట్టుమరం’ నుంచి వచ్చిన మాటే, అలాగే ఉంచండి.