పెరట్లో కొబ్బరికాయ ఫ్రీయేనా?

ప్రశ్న: మావాడు జర్మనీలో, డ్యూస్‌బర్గ్‌లో ఓ స్టీల్ ప్లాంటులో చేస్తున్నాడు. అక్కడ కంపెనీలకి కార్బన్ పర్మిట్లు ఇన్నాళ్ళూ ఫ్రీగా ఇచ్చేవాళ్ళంట, ఇప్పుడవి తీసేస్తున్నారని టెన్షన్ పడుతున్నారట. పొగకి రేటు కట్టి మళ్ళీ ఫ్రీగా ఇవ్వడమేంటండీ? మన స్టీల్‌కి దీంతో ఏమైనా ఇబ్బందా?
– ఓ రిటైర్డ్ ఉద్యోగి, గాజువాక

జవాబు: మీ డౌటులో న్యాయం ఉందండీ, యూరప్‌లో కూడా ఈ గొడవ 2005లో ఈ కార్బన్ పర్మిట్ల మార్కెట్ మొదలైనప్పటి నుంచీ నడుస్తూనే ఉంది. గాల్లోకి వదిలే ప్రతి టన్ను కార్బన్ డయాక్సైడ్‌కి ఒక పర్మిట్ ఉండాలి. అది కొనమంటే స్టీలు, సిమెంటు వాళ్ళు రేటు పెంచాలి, పెంచితే ఆ రూల్ లేని దేశం సరుకు వచ్చి పడుతుంది, ఇక్కడ ఫ్యాక్టరీ మూతపడి పొగ మాత్రం ఇంకో దేశంలో లేస్తుంది, అందుకని ఫ్రీగా ఇచ్చారు.

కానీ ఫ్రీ అంటే నిజంగా ఫ్రీ కాదు. మీ పెరట్లో కొబ్బరికాయ పచ్చడికి వాడేసుకున్నా బజార్లో అమ్మితే వచ్చే డబ్బు పోయినట్టే కదా, పర్మిట్ కూడా అంతే, మిగిల్చుకుంటే అమ్ముకోవచ్చు. ఇది అందరికంటే ముందు కరెంటు కంపెనీలకి అర్థమైంది, ఫ్రీగా తీసుకున్న పర్మిట్ల రేటు కూడా జనం బిల్లులో కలిపేసి మొదటి ఏళ్ళలో బాగానే వెనకేసుకున్నాయి (తెలివంటే అది!). 2013 నుంచి వాటిలో చాలావాటిని వేలంలో కొనుక్కోమన్నారు. స్టీలు లాంటి వాటికి మాత్రం ఆ రంగంలో తక్కువ పొగ వదిలే టాప్ 10 శాతం ప్లాంట్ల సగటుని కొలతగా పెట్టి, అంతవరకే ఫ్రీ, పైన వదిలింది కొనుక్కో అన్నారు.

ఇప్పుడు ఆ ఫ్రీ కోటాకి కోత. 2026లో రెండున్నర శాతమే, 2028కి 10, 2030కి ఒక్కసారిగా 48.5, 2034కి మొత్తం పోతుంది. నన్నడిగితే ఇది మరీ నెమ్మదిగా మొదలుపెట్టి చివర్లో ఒక్కసారే మీద పడేసే పద్ధతి, అయినా బొగ్గుతో ఇనుము తీసే బ్లాస్ట్ ఫర్నేస్ తీసేసి వేరే టెక్నాలజీ పెట్టాలంటే ఏళ్ళు పడుతుంది కాబట్టి ఆ టైము ఇవ్వక తప్పదేమో.

ఇక మన సంగతి. అక్కడ ఫ్రీ ఎంత తగ్గితే బయటి సరుకు మీద బోర్డర్ దగ్గర కార్బన్ చార్జీ అంత పెరుగుతుంది, దాన్నే సీబ్యామ్ అంటున్నారు, స్టీలు, సిమెంటు, అల్యూమినియం, ఎరువులు, హైడ్రోజన్, కరెంటు దాని కిందకొస్తాయి. అంటే మీవాడి ప్లాంటుకి కోత పడే కొద్దీ మనకీ పడుతుందన్నమాట. మొదటి ఏడు రెండున్నర శాతమేగా అని ఊరుకోడానికి లేదండోయ్, మిగతా మినహాయింపు పైన చెప్పిన టాప్ 10 శాతం ప్లాంట్ల కొలత వరకే, ఆ కొలత దాటిన పొగకి మొదటి రోజు నుంచే పూర్తి రేటు, బొగ్గు మీద నడిచే మన ఫర్నేస్‌లకి అక్కడే దెబ్బ. ఇక్కడే కార్బన్‌కి డబ్బు కట్టి ఉంటే దాన్ని తగ్గిస్తారు, మన దేశం కూడా కార్బన్ క్రెడిట్ల మార్కెట్ పెడుతోంది, అందుకు కూడా.

మీవాడికీ ఓ చిక్కుంది. డ్యూస్‌బర్గ్ స్టీలు అమెరికాకి వెళ్తే అక్కడ బోర్డర్ చార్జీ ఏమీ కాపాడదు, ఫ్రీ కోటా మాత్రం పోతుంది. వాళ్ళ కంపెనీ యూరప్‌లోనే అమ్ముతుందా, బయటికి పంపుతుందా, ఈసారి ఫోన్ చేసినప్పుడు అది అడగండి.