సెలవుల్లో చేపల వేటకు ఏ బోటు ఎంచుకోవాలి? వాంతులకు ఏ మందు మంచిది?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది తెనాలి. ఉద్యోగరీత్యా న్యూజెర్సీలో ఉంటున్నాం. నా వయసు 48. షుగర్‌కి మెట్‌ఫార్మిన్, ఎంపాగ్లిఫ్లోజిన్, బీపీకి లోసార్టాన్‌తో హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వాడుతున్నాను. ఇండియా నుంచి వచ్చిన మా నాన్నగారికి 72 ఏళ్లు. రెండేళ్ల క్రితం స్టెంట్ వేశారు. ఆస్పిరిన్, ప్రొస్టేట్‌కి టామ్‌సులోసిన్ వేసుకుంటారు. మా బాబుకి పదేళ్లు. అరకు ఘాట్ రోడ్డులో దారి పొడవునా వాంతులు చేసుకున్నాడు. డిసెంబరు చివర్లో కరీబియన్‌లోని సెయింట్ థామస్ దీవికి వెళ్తున్నాం. అక్కడ బోటు మాట్లాడుకుని చేపల వేటకు వెళ్లాలని తాతా మనవడూ తెగ సరదా పడుతున్నారు. మూడు రకాల ట్రిప్పులు చూశాను. ఒకటి నార్త్ డ్రాప్ అనే చోటికి ఎనిమిది గంటలు. రెండోది వేరేవాళ్లతో కలిసి వెళ్లే నాలుగు గంటల ట్రిప్పు, చవక. మూడోది మా కుటుంబానికి మాత్రమే, తీరానికి దగ్గరలో నాలుగు గంటలు. ఏది తీసుకోమంటారు? వాంతులకు ఏ మందు వాడాలి? పట్టిన చేపను వండుకు తినొచ్చా?
– ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: మూడోదే తీసుకోండి. డబ్బు కొంచెం ఎక్కువైనా సరే. మీ ముగ్గురిలో ఎవరికి ఏ క్షణాన బాగోలేకపోయినా "కెప్టెన్, వెనక్కి తిప్పండి" అనగలగాలి. ఆ మాట చెల్లేది మీరు పూర్తిగా మాట్లాడుకున్న బోటులోనే. అందరితో కలిసి వెళ్లే బోటులో మీ బాబు వాంతులు చేసుకుంటున్నాడని మిగతావాళ్లు వేట మానుకుని రారు కదా. బాబు మాత్రం ఆ నాలుగు గంటలూ ఓర్చుకోవాల్సిందే. నార్త్ డ్రాప్ నుంచి తిప్పమన్నా ఒడ్డు చేరడానికి దాదాపు గంట పడుతుంది. స్టెంట్ ఉన్న మనిషికి ఛాతీలో నొప్పి వస్తే ఆ గంట చాలా పెద్దది.

నార్త్ డ్రాప్ గురించి ఇంకో మాట. సెయింట్ థామస్‌కి ఉత్తరాన సుమారు 20 మైళ్ల దూరంలో సముద్రం అడుగు ఒక్కసారిగా లోతుకు దిగిపోతుంది. అక్కడి నుంచి ప్యూర్టోరికో అగాధం వైపు సాగుతుంది. బ్లూ మార్లిన్ అనే పెద్ద చేపకు అది పేరున్న చోటు. 1977లో ఆ దీవి దగ్గర 1,282 పౌండ్ల మార్లిన్‌ను పట్టారు. కానీ అక్కడ మార్లిన్‌ల అసలు సీజన్ జులై నుంచి అక్టోబరు దాకా. మీరు వెళ్లేది డిసెంబరు చివర్లో. అప్పుడు ఈశాన్యం నుంచి గాలులు బలంగా వీస్తాయి, అక్కడివాళ్లు వాటిని క్రిస్మస్ గాలులనే పిలుస్తారు. దీవికి ఉత్తరం వైపు అట్లాంటిక్, ఆ గాలికి అడ్డు లేదు. సీజన్ కాని చేప కోసం, అలలు ఎక్కువగా ఉండే నెలలో, దీవి మొత్తంలో ఎక్కువ ఊగే వైపుకు, పదేళ్ల పిల్లాడితో 72 ఏళ్ల పెద్దాయనతో వెళ్లడం నాకు నచ్చలేదు. దక్షిణం వైపు, దీవుల చాటున అయితే నీళ్లు కాస్త నెమ్మదిగా ఉంటాయి. బోటు మాట్లాడేటప్పుడే ఏ వైపు తీసుకెళ్తారో అడగండి. పొద్దున బయల్దేరే ట్రిప్పు తీసుకోండి.

కెప్టెన్‌తో ఫోన్లో మాట్లాడేటప్పుడు చేపల సంగతి తర్వాత అడగొచ్చు. ముందు బోటులో టాయిలెట్ ఉందా, నీడ ఉందా అని అడగండి. ప్రొస్టేట్ ఉన్న పెద్దాయన టాయిలెట్ లేదని నీళ్లు తాగడం మానేస్తారు. ఆ ఎండలో నీళ్లు తాగక, పైగా టామ్‌సులోసిన్ వేసుకుని ఉంటే, లేచి నిలబడేసరికి బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. కింద తడి డెక్కు, చేతికి పట్టు దొరకదు. నా దగ్గరికి తుంటి ఎముక విరిగి వచ్చే పెద్దవాళ్లలో చాలామంది ఇలా లేచి నిలబడబోయి పడ్డవాళ్లే. కాబట్టి పైన టాప్ లేని, టాయిలెట్ లేని చిన్న బోటు ఎంత తక్కువకు వచ్చినా వద్దు.

సెయింట్ థామస్ అమెరికా పరిధిలోని దీవి, కాబట్టి కెప్టెన్‌కి అమెరికా కోస్ట్ గార్డ్ లైసెన్స్ ఉండాలి. కోస్ట్ గార్డ్ తనిఖీ సర్టిఫికెట్ లేని చిన్న చార్టర్ బోట్లు డబ్బు తీసుకుని ఆరుగురికి మించి ఎక్కించకూడదు. బాబు సైజు లైఫ్ జాకెట్ ఉందో లేదో ముందే కనుక్కోండి. పెద్దవాళ్లది తొడిగితే నీళ్లలో పడగానే తల మీంచి జారిపోతుంది. డబ్బు వాపసు సంగతి కూడా తేల్చుకోండి. వాతావరణం బాగోలేక కెప్టెన్ రద్దు చేస్తే సరే, మనమే మానుకుంటే ఎంత పోతుంది? ఇది డాక్టర్ చెప్పాల్సిన విషయమేనా అనుకోకండి. అడ్వాన్స్ పోతుందన్న బాధతోనే చాలామంది జ్వరంతోనో, నీరసంతోనో ఉండి కూడా బోటు ఎక్కేస్తారు.

ఇక వాంతులు. నేను విశాఖలో ప్రాక్టీస్ చేస్తాను, ఫిషింగ్ హార్బర్ నుంచి వేటకు వెళ్లేవాళ్లు చాలామంది నా పేషెంట్లు. కొత్తగా బోటెక్కిన కుర్రాళ్లకు వాళ్లు మొదట చెప్పే మాట, "నీళ్లలోకి చూడకురా, దూరంగా చూడు" అని. వైద్యం చెప్పేదీ అదే. లోపలి చెవి శరీరం ఊగుతోందని చెబుతుంది. కన్ను చేతిలోని ఫోన్‌నో, గాలం ముడినో చూస్తూ ఏమీ కదలడం లేదంటుంది. ఈ పేచీ తెగక మెదడు వాంతి తెప్పిస్తుంది. ఆకాశం, నీళ్లు కలిసే గీతను చూస్తుంటే కన్నూ చెవీ ఒక మాట మీదికి వస్తాయి. బాబు చేతికి ఫోన్ ఇవ్వకండి. క్యాబిన్ లోపలికి పంపకండి. పైన ఎత్తుగా ఉండే సీటు సరదాగా కనిపిస్తుంది కానీ అన్నిటికంటే ఎక్కువ ఊగేది అదే. బోటు మధ్యలో, కిందుగా, ముఖానికి గాలి తగిలేలా, డీజిల్ పొగకు దూరంగా కూర్చోబెట్టండి. ఖాళీ కడుపుతో ఎక్కించొద్దు. గంటన్నర ముందు రెండు బ్రెడ్ ముక్కలో, అరటిపండో చాలు. అల్లం మురబ్బా కొందరికి కొంత ఉపశమనం ఇస్తుంది, చప్పరిస్తే నష్టం లేదు.

మందుల్లో ముగ్గురికీ ఒకటే పనికిరాదు, ఇక్కడ జాగ్రత్తగా చదవండి. మీకు మెక్లిజిన్ 25 మిల్లీగ్రాముల మాత్ర బోటు ఎక్కడానికి గంట ముందు సరిపోతుంది. అమెరికాలో ప్రిస్క్రిప్షన్ లేకుండానే దొరుకుతుంది. కొంచెం మత్తుగా ఉంటుంది, ఆ రోజు కారు నడపొద్దు, మద్యం ముట్టొద్దు. బాబుకి మెక్లిజిన్ ఇవ్వకండి, ఆ ప్యాకెట్ల మీద 12 ఏళ్లు దాటినవాళ్లకే అని రాసి ఉంటుంది. వాడికి డైమెన్‌హైడ్రినేట్ ఉంది, బరువును బట్టి ఎంత ఇవ్వాలో పిల్లల డాక్టర్‌ని అడిగి తీసుకోండి. ప్రయాణానికి వారం ముందు ఒక సెలవు రోజున ఇంట్లో ఒకసారి వేసి చూడండి. కొందరు పిల్లలు ఈ మందుకు నిద్రపోకపోగా ఇల్లు పీకి పందిరేస్తారు. ఆ సంగతి ఇంట్లోనే తెలిస్తే మంచిది.

నాన్నగారికి మాత్రం ఈ మందులేవీ మీ అంతట మీరు వేయకండి. చెవి వెనక అంటించే స్కోపొలమైన్ పట్టీ అసలే వద్దు. ప్రొస్టేట్ పెరిగినవాళ్లలో ఇవన్నీ మూత్రాన్ని బిగబట్టేస్తాయి. ఒక్క మాత్రతో మూత్రం ఆగిపోయి, పొత్తికడుపు రాయిలా గట్టిపడి, అర్ధరాత్రి గొట్టం వేయించుకోవడానికి వచ్చిన పెద్దాయనల్ని నేను చూశాను. ఈ వయసులో కొందరు మాటల్లో కూడా తికమకపడతారు. ఇండియా నుంచి తెచ్చుకున్న అవోమిన్, స్టుజెరాన్ ఆయన సంచిలో ఉంటాయి, అవీ ఈ కోవలోవే. మన ఇళ్లలో వాంతి అనగానే వేసుకునే ఆన్‌డాన్సెట్రాన్ సముద్రపు వాంతుల్ని పెద్దగా ఆపదు. ఆయనకు మందు లేకుండా సాగే ట్రిప్పే మంచిది. నేను మూడో బోటు అనడానికి ఇదొక ముఖ్య కారణం.

ఆయన గుండె సంగతి. రెండంతస్తులు మెట్లెక్కినా ఛాతీలో పట్టేసినట్టు లేకుండా ఉంటే, బోటులో కూర్చుని చిన్న గాలం పట్టుకోవచ్చు. పెద్ద చేప తగిలితే రాడ్‌ను మీకు ఇచ్చేయమనండి. బిగబట్టి లాగే పని బీపీని ఒక్కసారిగా పెంచుతుంది. ఛాతీలో నొప్పి వస్తే వేసుకునే సార్బిట్రేట్ మాత్ర జేబులోనే ఉండాలి, హోటల్ గదిలో కాదు. కూర్చుని మాత్రమే నాలుక కింద పెట్టుకోవాలి. ఆస్పిరిన్ మీద ఉన్నారు కాబట్టి గాలపు కొక్కెం గుచ్చుకుంటే రక్తం ఎక్కువసేపు కారుతుంది. కొక్కెం ముల్లు లోపలికి దిగితే ఎవరికైనా సరే లాగొద్దు, దారం కత్తిరించి, గుడ్డతో కదలకుండా కట్టి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. మీకు షుగర్ ఉంది కాబట్టి సముద్రపు నీళ్లు తగిలిన గాయం ఎర్రబడి, గంటల్లో వాపు పెరుగుతుంటే మర్నాటి దాకా ఆగకండి. ముగ్గురికీ టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు వేశారో ఇప్పుడే చూసుకోండి.

మీ గురించి నాకు ఎక్కువ టెన్షన్ ఎంపాగ్లిఫ్లోజిన్ వల్ల. వాంతులై, ఏమీ తినలేని రోజున ఈ మందు వేసుకుంటే రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పేరుకుపోవచ్చు. మీటర్‌లో షుగర్ మామూలుగానే కనిపిస్తూ లోపల ప్రమాదం ముదురుతుంది. బోటులో వాంతులైతే ఆ రోజు ఎంపాగ్లిఫ్లోజిన్, మెట్‌ఫార్మిన్, బీపీ మాత్ర ఆపేయాలా, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో ఇప్పుడే మీ డాక్టర్‌తో రాయించుకుని పర్సులో పెట్టుకోండి. మామూలుగా మేం ఆపమనే చెబుతాం, సరిగ్గా తిని తాగడం మొదలయ్యాక తిరిగి వేసుకోమంటాం. సముద్రపు వాంతులు ఒడ్డు చేరిన కొన్ని గంటల్లో తగ్గాలి. తగ్గకుండా కడుపునొప్పి, ఆయాసం వస్తుంటే ఇంకా బోటు ఊపే అనుకోవద్దు. సెయింట్ థామస్‌లో ష్నైడర్ రీజినల్ మెడికల్ సెంటర్ ఉంది, అక్కడికి వెళ్లి ముందుగా ఈ మందు పేరు చెప్పండి. అత్యవసరమైతే 911 అక్కడా పనిచేస్తుంది.

మీ బీపీ మాత్రలోని థయజైడ్ వల్ల చర్మం ఎండకు తొందరగా కమిలిపోతుంది. పొడుగు చేతుల చొక్కా, అంచున్న టోపీ వేసుకోండి. ఇంట్లో ఉన్న సన్‌స్క్రీన్ తీసుకెళ్లే ముందు దాని మీద రాసింది చూడండి. ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్, ఆక్టోక్రిలీన్ ఉన్నవాటిని పగడపు దిబ్బలు దెబ్బతింటాయని సెయింట్ థామస్ ఉన్న అమెరికా వర్జిన్ దీవుల్లో 2020 నుంచి నిషేధించారు. జింక్ ఆక్సైడ్ ఉన్నది కొనుక్కోండి.

చివరిగా చేప. ఆ దీవుల చుట్టూ పగడపు దిబ్బల మీద పెరిగే ఒక సూక్ష్మజీవి నుంచి సిగ్వాటెరా అనే విషం చిన్న చేపల్లోకి, వాటిని తిన్న పెద్ద చేపల్లోకి చేరుతుంది. చేప తాజాగా ఉంటుంది, వాసన రాదు, రుచి మారదు. చింతపండు పోసి ఎంతసేపు మరిగించినా, వేయించినా, ఫ్రీజర్‌లో పెట్టినా ఆ విషం పోదు. ఈగలు వాలకపోవడం, వెండి నాణెం నల్లబడటం లాంటి పరీక్షలు నమ్మొద్దు. కొన్నేళ్ల క్రితం కరీబియన్‌లో సెలవులు గడిపి విశాఖ వచ్చిన ఒకాయన నా గదిలో కూర్చుని చల్లటి మంచినీళ్ల గ్లాసు పట్టుకుని, కాలినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నారు. చల్లటిది తాకితే మంటగా అనిపించడం ఈ జబ్బుకు పెద్ద గుర్తు. మూడు వారాల కిందట బారకుడా అనే చేప తిన్నానని ఆయన చెప్పాకే విషయం అర్థమైంది. వాంతులు, విరేచనాలు రెండు రోజుల్లో తగ్గినా, పెదాల తిమ్మిరి, ఒళ్లంతా దురద ఆయన్ని నెలల తరబడి వేధించాయి. దీనికి విరుగుడు మందు లేదు. గుండె నెమ్మదించి, బీపీ పడిపోవడం కూడా ఉంటుంది, అది నాన్నగారికి ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు.

అందుకే కోరపళ్లున్న ఆ పొడవాటి బారకుడా పడితే బాబుతో ఫోటో తీసి వదిలేయండి. కింగ్‌ఫిష్ చూడగానే మీకు మన వంజరం గుర్తొస్తుంది, నిజానికి ఆ జాతిదే. అయినా అక్కడ దాన్ని, పెద్ద గ్రూపర్‌ను, ఆంబర్‌జాక్‌ను తినకండి. ఏ చేపదైనా తలకాయ, కాలేయం, గుడ్లు వద్దు. పులుసుకు మనకు ఇష్టమైనవి అవే, విషం ఎక్కువగా పేరుకునేవీ అక్కడే. లోతు సముద్రంలో తిరిగే మాహీ-మాహీ, వాహూ, ట్యూనాల్లో ఈ భయం చాలా తక్కువ. వాటికి వేరే షరతు ఉంది, పట్టిన వెంటనే ఐస్‌లో పెట్టాలి. ఎండలో డెక్కు మీద ఉంచితే హిస్టమిన్ తయారవుతుంది, తిన్న అరగంటలో ముఖం ఎర్రబడి తలనొప్పి, గుండెదడ వస్తాయి. కాబట్టి బోటు ఎక్కగానే ఐస్ పెట్టె మూత తీయించి, నిండా ఐస్ ఉందో లేదో కళ్లారా చూడండి. పట్టిన చేపలో మీకు ఎంత ఇస్తారో కూడా ముందే అడగండి, చాలాచోట్ల చేప బోటు వాళ్లదే అన్న పద్ధతి ఉంది.

బయల్దేరే ముందు రోజు సాయంత్రం కెప్టెన్‌కి ఫోన్ చేసి, "రేపు అలలు ఎంత ఎత్తు ఉంటాయి, పదేళ్ల పిల్లాడు, 72 ఏళ్ల పెద్దాయన ఉన్నారు, మీ ఇంటివాళ్లయితే తీసుకెళ్తారా?" అని అడగండి. ఆయన తటపటాయిస్తే ఇంకో రోజుకు మార్చుకోండి. అందుకే ట్రిప్పును సెలవుల చివరి రోజున కాకుండా రెండో రోజునో, మూడో రోజునో పెట్టుకోమంటున్నాను.