పడిపోయిన మొక్క దగ్గర మొదలుపెట్టు

తమ్ముడూ,

మొక్క కణాల గోడల్ని గట్టిపరిచే లిగ్నిన్ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. చనిపోతున్న నాళకణం గురించి రాసిన పేరా బాగుంది. మిగతాది చదువుతుంటే చిరాకేసింది. జన్యువుల్ని 'మాస్టర్ స్విచ్' అంటూ ఆ మాట పదకొండు చోట్ల వాడావు. పెన్సిల్‌తో గీతలు గీసి మరీ లెక్కపెట్టాను.

స్విచ్ కట్టేస్తే దీపం ఆరిపోవాలి కదా. మరి ప్రయోగశాలల్లో పెంచే చిన్న మొక్క అరబిడాప్సిస్‌లో ఎన్‌ఎస్‌టీ1 జన్యువు ఒక్కటే పోతే కాండం మామూలుగానే నిలబడుతుంది. ఎన్‌ఎస్‌టీ3 ఒక్కటే పోయినా అంతే. రెండూ పోతేనే కాండం వాలిపోతుంది, ఎందుకంటే నారకణాల్లో లోపలి మందపాటి కవచం ఏర్పడదు. ఆ మొక్కలో కూడా నీళ్లు మోసే నాళాల కవచాలు గట్టిగానే ఉంటాయి. వాటిని చూసుకునే జన్యువులు వీఎన్‌డీ6, వీఎన్‌డీ7 వేరే ఉన్నాయి మరి. ఇంత కథనీ నువ్వు ఒక్క మాట కింద కప్పేశావు.

జన్యువు ఏం చేస్తుందో చెప్పాలంటే ముందు అది లేని మొక్కను చూపించాలి. ఇది ముప్పై ఏళ్లుగా నా పట్టుదల. అసలు మనిషికి ఈ సంగతులు తెలిసింది కూడా అలాగే. మొక్కజొన్నలో ఆకు నడిమి ఈనె గోధుమరంగుకు తిరిగిన మొక్కల్ని 1920లలోనే గుర్తించారు. లిగ్నిన్ తక్కువగా ఉండే ఆ మేత పశువులకు సులువుగా అరుగుతుంది. వాటిలో ఒక రకానికి కారణం సీఓఎంటీ అనే ఎంజైమ్ జన్యువు చెడిపోవడమేనని దశాబ్దాల తర్వాత గానీ తేలలేదు. ముందు ఈనె కనిపించింది, పేరు తర్వాత వచ్చింది. నువ్వేమో పీఏఎల్ నుంచి సీఏడీ దాకా లిగ్నిన్ తయారుచేసే ఎంజైమ్‌ల పేర్లన్నీ మొదటి పేజీలోనే గుమ్మరించావు.

నేనూ ఒకప్పుడు తప్పు రాశాను. లిగ్నిన్ తగ్గితే నాళాలు నలిగిపోతాయి, నీళ్లందక మొక్క గిడసబారుతుంది, అంతే అని తేల్చేశాను. 2014లో వచ్చిన ఒక పరిశోధన చదివాక నిద్ర పట్టలేదు. లిగ్నిన్ తయారీలో ఒక మెట్టు తెగిపోయి గిడసబారిన మొక్కలో, జన్యువుల పనిని నియంత్రించే మీడియేటర్ సముదాయం నుంచి మెడ్5ఏ, మెడ్5బీ అనే రెండు భాగాల్ని కూడా తీసేస్తే, మొక్క మళ్లీ దాదాపు మామూలుగా పెరిగింది. దాని లిగ్నిన్ మాత్రం దాదాపు పూర్తిగా హెచ్ అనే రకందే. మామూలుగా అరబిడాప్సిస్‌లో ఆ రకం చాలా కొంచెమే ఉంటుంది. అంటే ఆ గిడసబారడానికి సరుకు కొరత ఒక్కటే కారణం కాదు, లోటును చూసి కణం తనే ఎదుగుదలకు పగ్గం వేస్తోందన్నమాట. సవరణ వేయమని నా వ్యాసం వేసిన పత్రిక సంపాదకుణ్ణి అడిగాను. "పాఠకులు ఎప్పుడో మర్చిపోయుంటారులెండి" అన్నాడాయన. అంతకుముందు, లిగ్నిన్ అన్న మాట తీసేసి ప్రతిచోటా 'మొక్కల సిమెంట్' అని పెట్టించింది కూడా ఆయనే. ఆ తర్వాత ఆ పత్రికకు ఒక్క ముక్క పంపలేదు. శీర్షికలో 'అద్భుతం' ఉంటేనే వేస్తామనే వాళ్లకు కూడా పంపను.

ఇక ఆ నాళకణం పేరా. కణం చనిపోవడంతో పని ముగిసిందని రాశావు. ముగియలేదు. పక్కనున్న బతికిన కణాలు లిగ్నిన్‌కు ఇటుకల్లాంటి మోనోలిగ్నాల్ అణువుల్ని తయారుచేసి అందిస్తాయి. చనిపోయిన కణం గోడలో ఉండిపోయిన లాకేస్‌, పెరాక్సిడేజ్‌ ఎంజైమ్‌లు వాటిని అతికిస్తూ పోతాయి. ఇది మొదటిసారి చదివిన రోజు నాకు కళ్లు చెమ్మగిల్లాయి. ఆ పక్కకణాలు నీ వ్యాసంలోకి రావాలి.

ఎంవైబీ46, ఎంవైబీ83 జన్యువుల పేరా ఉండనీ, కానీ సగానికి కుదించు. వాలిపోయిన కాండంతో మొదలుపెట్టి మళ్లీ రాయి. తొందరేం లేదు, టెన్షన్ పడకు. చేతిరాతతో పంపినా చదువుతాను.