డ్యూటీలో గుండెపోటు: కోర్టు ఏం చూస్తుంది?

ప్రశ్న: లారీ డ్రైవరైన మా మరిది (43) వరుసగా రాత్రిళ్లు బండి నడుపుతూ, గత నెల దారిలోనే గుండెపోటుతో చనిపోయాడు. బీపీ ఉండేది కాబట్టి అది సహజ మరణమేనని యజమాని అంటున్నారు. పని ఒత్తిడి వల్ల గుండెపోటు వస్తుందా? కోర్టు ఒప్పుకుంటుందా?
– ఓ పాఠకురాలు, ఒంగోలు

జవాబు: మీ కుటుంబానికి నా సానుభూతి. కంటి నిండా నిద్ర లేకుండా రోజుల తరబడి పనిచేసేవారిలో రాత్రిపూట తగ్గాల్సిన రక్తపోటు తగ్గదు, గుండెకు విశ్రాంతి దొరకదు. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి, 35–40 గంటలు పనిచేసేవారికంటే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండె రక్తనాళాల జబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో వెల్లడించాయి. బీపీ ముందే ఉన్నంత మాత్రాన యజమాని వాదన నెగ్గదు. ఉన్న జబ్బు పని భారం వల్ల ముదిరిందా అన్నదే అసలు విషయం.

1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం కింద వచ్చిన తీర్పుల్లోనూ ఇదే కనిపిస్తుంది. నెల్లూరు థర్మల్ స్టేషన్‌లో గుండెపోటుతో మరణించిన ఉద్యోగి కేసులో, ఆయన పని స్విచ్‌లు వేయడం, ఆపడమేననీ, అందులో ఒత్తిడికి తావు లేదనీ డాక్టరు చెప్పడంతో 2006లో సుప్రీంకోర్టు పరిహారం నిరాకరించింది. ఢిల్లీ నుంచి వెయ్యి కిలోమీటర్లకు పైగా లారీ నడిపి, ఒంట్లో బాగోలేక రోడ్డు పక్క హోటల్ దగ్గర బండి ఆపి కుప్పకూలిన డ్రైవర్ విషయంలో మాత్రం, ఆ వృత్తిలోని ఒత్తిడిని గుర్తించి 2012లో అదే కోర్టు కుటుంబం పక్షాన నిలిచింది. జపాన్‌లోనైతే, మెదడులో రక్తస్రావమైన ఒక డ్రైవర్ కేసులో 2000లో వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు తర్వాత, జబ్బుకు ముందు ఆరు నెలల అలసటనూ లెక్కలోకి తీసుకునేలా, జబ్బు పని వల్లే వచ్చిందా అని తేల్చే ప్రమాణాలను ప్రభుత్వం 2001లో మార్చింది.

ఇలాంటి కేసుల్లో డాక్టరు రాసిన కాగితానికి ఎంతో విలువ ఉంటుంది. 'కార్డియాక్ అరెస్ట్' అని రాసి వదిలేయకుండా, చివరి వారాల్లో రోగి ఎన్ని గంటలు పనిచేశాడో కేసు షీటులో నమోదు చేయడం మా వైద్యుల బాధ్యతేనని నా గట్టి అభిప్రాయం. మీరు ఆసుపత్రి రికార్డులు, పోస్టుమార్టం జరిగి ఉంటే ఆ నివేదిక, టోల్ రసీదులు, ఫాస్టాగ్ వివరాలు, సరుకు బిల్లులు సేకరించండి. పాత బీపీ చీటీలను దాచవద్దు. మందులతో అదుపులో ఉన్న బీపీ రాత్రి డ్యూటీలు పెరిగాక అదుపు తప్పిందని అవే చెప్పవచ్చు. మరణించిన నాటి నుంచి రెండేళ్లలోపు కార్మిక శాఖ అధికారికి దరఖాస్తు చేయాలి. అప్పీలులో హైకోర్టు న్యాయపరమైన ముఖ్యాంశాలనే పరిశీలిస్తుంది కాబట్టి, న్యాయవాది సాయంతో ఈ ఆధారాలన్నీ మొదటి విచారణలోనే సమర్పించండి.