ఏళ్లుగా వాడని ఫైర్‌ప్లేస్‌ని మళ్లీ వెలిగించవచ్చా?

అమెరికాలో పాత ఇల్లు కొన్నారు, ఇటుకల ఫైర్‌ప్లేస్ ఏళ్లుగా వాడలేదు. వెలిగించవచ్చు గానీ, ముందు అగ్గిపెట్టె పక్కన పెట్టి టార్చిలైటు అందుకోండి.

పొయ్యి పైనుండే ఇనుప తలుపు, అదే డ్యాంపర్, తెరిచి పైకి చూడండి. పొగగొట్టంలో, అంటే చిమ్నీలో, పిట్టగూడో, రాలిన ఇటుక ముక్కలో అడ్డం ఉండొచ్చు. చిమ్నీ స్విఫ్ట్ పిట్టలు గుడ్లు పెట్టి ఉంటే గూడు తీయడం అక్కడ చట్టవిరుద్ధం. పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగాల్సిందే.

గొట్టం లోపలి గోడ గీకి చూడండి. మసి అంగుళంలో 8వ వంతు మందం ఉంటే ఊడ్చాలి. పొడిగా రాలితే గొట్టం కొలతకు సరిపడే బ్రష్ చాలు. తారులా నల్లగా మెరుస్తూ అంటుకుపోయి ఉంటే అది గట్టిపడ్డ క్రియోసోట్, అంటే కట్టెల పొగ నుంచి పేరుకునే, మండే జిగురు. బ్రష్‌కి లొంగదు, నిప్పంటుకుంటే చిమ్నీయే మండుతుంది. అది నిపుణుల పని. ఇల్లు చేతులు మారినప్పుడు లెవెల్ 2 అనే తనిఖీ చేయించాలని అక్కడి అగ్ని భద్రతా సంస్థ ఎన్‌ఎఫ్‌పీఏ వారి 211 ప్రమాణం ఎలాగూ చెబుతుంది. కెమెరా దించి చూస్తారు. గొట్టం లోపలి పొర, అదే లైనర్, బీటలిస్తే వేడి గోడలోని కలపకు తగులుతుంది మరి.

మసిని ఇంట్లో వాడే వాక్యూమ్‌తో మాత్రం పీల్చకండి, సన్నపొడి ఫిల్టర్ దాటి హాలంతా పరుచుకుంటుంది. పైన వానమూత లేకపోతే పెట్టించండి. డ్యాంపర్ తుప్పు పట్టేది ఎక్కువగా వాన నీళ్లవల్లే. కట్టెల్లో తేమ 20 శాతం లోపే ఉండాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారం బిగించాకే మొదటి మంట, అదీ చిన్నది.