గోథెన్‌బర్గ్ వస్తున్నావా? వోల్వో సంగతి తర్వాత, ముందు పక్క సీటు సంగతి చూడు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివా. ఆగస్టులో స్వీడన్‌కి, ఈ గోథెన్‌బర్గ్‌కి వస్తున్నావు, ఆఫీసు లిండ్‌హోల్మెన్‌లో, ఇల్లు హిసింగెన్ వైపు చూస్తున్నావు, మొదటి ఆర్నెల్లు ఒక్కడివే, తర్వాత మా మరదలు వస్తుంది, ఈలోపు సెకండ్ హ్యాండ్ వోల్వో కొనాలా టొయోటా కొనాలా, వోల్వో అంటే సేఫ్టీ అంటారు నిజమేనా అని అడిగావు. నిజమే, కొనుక్కో. ఇక్కడితో ఆపేయొచ్చు కానీ పన్నెండేళ్ళ క్రితం నేనూ అచ్చం ఇదే అడిగా, అందరూ మైలేజీ గురించీ మోడల్ గురించీ చెప్పారు గానీ అసలు సంగతి ఒక్కళ్ళూ చెప్పలా. మీకు ఇప్పుడు వాట్సాప్ గ్రూపులు, ఉగాది ఫంక్షన్లు, డబ్బాలో దోశ పిండి, అన్నీ రెడీగా ఉన్నాయి. మేమొచ్చినప్పుడు కరివేపాకు కనిపిస్తే ఫోటో తీసుకునేవాళ్ళం.

కారు కొన్నానని ఇంటికి ఫోన్ చేస్తే మా నాన్న "వోల్వోనా? బస్సు కొన్నావేంట్రా!" అన్నారు. ఆయన తప్పేం లేదు, మనకి వోల్వో అంటే రాత్రి పదింటికి హైదరాబాద్‌లో ఎక్కితే తెల్లారేసరికి ఒంగోల్లో దింపే ఏసీ బస్సే కదా. వేరే కంపెనీ బస్సుని కూడా వోల్వో అనే అంటాం. ఈ బస్సులూ లారీలూ చేసేది ఒక వోల్వో, కార్లు చేసేది ఇంకో వోల్వో. 1999లో కార్ల ముక్కని ఫోర్డ్ వాళ్ళు 645 కోట్ల డాలర్లకి కొనుక్కున్నారు, అప్పట్నుంచి రెండూ వేరే. 2010లో ఫోర్డ్ దాన్ని చైనా గీలీ వాళ్ళకి అమ్మేసింది. ఇదంతా నాన్నకి చెప్తే "అంటే ఇప్పుడది చైనా బండా" అని ఇంకో అనుమానం మొదలు. పేరు మాత్రం పాతదే, లాటిన్‌లో వోల్వో అంటే 'నేను దొర్లుతాను' అనట.

ఇక నా మొదటి తప్పు. 2013 ఆగస్టులో దిగా, అక్టోబర్‌లో కొనేశా, 2008 మోడల్ వి70 డీజిల్, లక్షకి కాస్త పైన క్రోనర్లు, అంటే అప్పట్లో చేతికొచ్చే నా జీతం నాలుగు నెలలది. వి70 అంటే తెలుసుగా, పొడుగాటి బండి, వెనక సీట్లు మడిస్తే ఇద్దరు పడుకోవచ్చు, డిక్కీలో మా ఇంటి వంటగది పట్టేస్తుంది. ఒంటిగాడికి అదెందుకయ్యా అంటే, ఇక్కడి వాళ్ళు వోల్వో, విల్లా, వొవ్వె అని ఒక మాటంటారు, కారు, ఇల్లు, కుక్క, మూడూ ఉంటే సెటిలైనట్టు. కుక్కంటే నాకు భయం, విల్లాకి డబ్బుల్లేవు, మిగిలింది కారు. ఎవరన్నా వస్తారు, తిప్పుదాం, ఐదు సీట్లుండాలి అనుకున్నా. ఆ చలికాలమంతా నాలుగు సీట్లు ఖాళీ.

నవంబర్ నెలాఖరు ఒక శనివారం ఇండియన్ షాపుకెళ్ళి పది కిలోల సోనా మసూరి బస్తా కొన్నా, డిక్కీ తలుపు మంచుకి బిగుసుకుపోయి రాకపోతే తెచ్చి పక్క సీట్లో పెట్టా. బయల్దేరగానే టింగ్ టింగ్ టింగ్ అని మోత. నాకు అర్థం కాలా, ఏదో పాడైందనుకుని బస్టాపు పక్కన ఆపి చూస్తే డ్యాష్‌బోర్డు మీద ఎర్ర బొమ్మ, ఎవరో మనిషి కూర్చున్నాడు బెల్ట్ పెట్టుకోలేదు అని. బరువు తగిలితే మనిషే అనుకుంటుంది మరి. సరేనని బస్తాకి అడ్డంగా బెల్ట్ లాగి క్లిక్‌మనిపించా. మోత ఆగింది. టైం మూడున్నర, అప్పటికే చీకటి పడుతోంది, ఎల్వ్స్‌బోరి బ్రిడ్జి మీద పోతూ ఉంటే పక్కన బస్తా బుద్ధిగా కూర్చునుంది, నేను దాంతో మాట్లాడటం మొదలుపెట్టా. నవ్వుతావేమో, నవ్వు. వచ్చే డిసెంబర్‌లో నాకు మెసేజ్ పెడతావులే. ఆ తర్వాత కావాలనే బస్తాని వారం రోజులు అక్కడే ఉంచా, ఆఫీసు పార్కింగ్‌లో ఒకతను చూసి ఇదేంటి అంటే దింపడం మర్చిపోయా అని అబద్ధం చెప్పా.

అందుకే నీకు చెప్పేదేంటంటే, సేఫ్టీ సేఫ్టీ అంటారు, ఆ కారు నీ తలకాయ కాపాడుతుంది, ఎముకలు కాపాడుతుంది, ఆ మూడు నెలల చీకట్లో లోపల ఏమవుతుందో దానికి తెలీదు.

టైర్ల గురించి ఒక్క ముక్క. కొన్నప్పుడు బండికి సమ్మర్ టైర్లున్నాయి, మనకి తెలీదుగా టైరుకి కాలాలుంటాయని. మొదటి గడ్డకట్టిన పొద్దున రౌండబౌట్ దగ్గర నేను బ్రేక్ తొక్కుతూనే ఉన్నా, బండి దాని దారిన అది పోయి అరుగుకి గుద్దుకుని ఆగింది. ఇరవై స్పీడులో. ప్రపంచంలోనే సేఫ్ కారు అన్నారుగా అని దాన్నే తిట్టా, తప్పు నాది. రోడ్డు మీద మంచో ఐసో ఉంటే డిసెంబర్ 1 నుంచి మార్చి 31 దాకా వింటర్ టైర్లు కంపల్సరీ, మిగతాది ట్రాన్స్‌పోర్ట్‌స్టైరెల్సెన్, అంటే మన ఆర్టీవో ఆఫీసు లాంటిది, వాళ్ళ సైట్లో చూసుకో.

పెద్ద తప్పు లైసెన్స్. ఇండియా లైసెన్స్, నువ్వు ఇక్కడ నివాసిగా రిజిస్టర్ అయిన దగ్గర్నుంచి ఒక్క సంవత్సరమే చెల్లుతుంది, దాన్ని ఇక్కడి లైసెన్స్‌గా మార్చరు, థియరీ, జారే రోడ్డు మీద ట్రైనింగ్, డ్రైవింగ్ టెస్టు, మొత్తం మొదట్నుంచీ. చూద్దాంలే చూద్దాంలే అంటూ ఉండగానే 2014 ఆగస్టు వచ్చేసింది. కారు ఇంటి ముందు రోడ్డు మీదుంది, నాకు నడిపే హక్కు లేదు. మా వీధిలో గురువారం పొద్దున ఊడ్చే బండి వస్తుంది, ఆ టైంకి కార్లు తీసేయాలి, లేకపోతే ఫైన్. తీయాలంటే లైసెన్స్ ఉన్నవాడు కావాలి. ఫోన్ తీసి కాంటాక్ట్స్ అంతా పైనుంచి కిందకి చూశా తమ్ముడూ, పొద్దున ఏడింటికి ఫోన్ చేసి ఓసారి వచ్చి నా కారు పది అడుగులు జరుపుతావా అని అడగ్గలిగే మనిషి ఊళ్ళో ఒక్కడు లేడు. సంవత్సరం అయింది నేనొచ్చి. రెండు ఫైన్లు కట్టా, డబ్బు పోయినందుకు కాదు, ఆ కాంటాక్ట్స్ లిస్టు చూసినందుకు ఏడుపొచ్చింది.

మూడో గురువారానికి బ్యాటరీ కూడా చచ్చింది. బానెట్ తెరిచి ఊరికే చూస్తూ నిలబడితే ఎదురు బిల్డింగ్ పెద్దాయన, ఏడాదిగా ఒక్కసారి కూడా హెయ్ అనని మనిషి, డెబ్భై దాటుంటాయి, తన పాత వోల్వో 240ని తెచ్చి ముక్కుకి ముక్కు ఆనించి కేబుళ్ళు తగిలించాడు. లైసెన్స్ సంగతి చెప్తే నవ్వకుండా స్టీరింగ్ దగ్గర కూర్చుని కారు అవతలి పక్క పెట్టేశాడు. ఆ తర్వాత ప్రతి గురువారం ఆయనే. చలికాలం వచ్చేసరికి ఆయనే నాకు హాండ్‌లెదారె అయ్యాడు, అంటే ఇక్కడ స్కూల్లో కాకుండా తెలిసినవాళ్ళ దగ్గర డ్రైవింగ్ నేర్చుకోవచ్చు, ఇద్దరూ ఒక చిన్న క్లాసుకెళ్ళాలి, కారు వెనక ఆకుపచ్చ బోర్డు పెట్టుకోవాలి. బియ్యం బస్తా సీట్లో మనిషొచ్చాడు.

240 తాత అంటా నేను ఆయన్ని. 1964లో వోల్వో వాళ్ళ టోర్స్‌లాండా ప్లాంట్‌ని రాజుగారొచ్చి ఓపెన్ చేసిన కొత్తల్లో చేరాడట. నాకు తెలిసిన వోల్వో చరిత్రంతా ఆయన చెప్పిందే, గేరు గేరుకీ ఒక కథ. 1924లో స్టాక్‌హోమ్‌లో ఒక హోటల్లో అస్సార్ గాబ్రియెల్సన్, గుస్తావ్ లార్సన్ అని ఇద్దరు క్రేఫిష్ తింటూ కారు చేద్దామా అనుకున్నారు, 1927 ఏప్రిల్ 14న ఈ హిసింగెన్‌లోనే మొదటి బండి బయటికొచ్చింది, ఓవీ4 దాని పేరు, తీరా చూస్తే టాపు లేని బండి. ఈ చలిలో! ఎవడు కొంటాడు, వెంటనే టాపున్న మోడల్ దింపారు. నేను సమ్మర్ టైర్ల కథ చెప్పినప్పుడల్లా తాత ఈ కథ ఎత్తేవాడు.

బెల్ట్ సంగతైతే ఆయన పదిసార్లు చెప్పుంటాడు. నీల్స్ బోలిన్ అనే ఇంజనీరు సాబ్ అనే కంపెనీలో విమానాలకి ఎజెక్షన్ సీట్లు చేసేవాడు, అక్కడ మనిషిని సీట్లోంచి బయటికి ఎగరేసే పని, వోల్వోలో సీట్లోనే ఉంచే పని. 1959లో భుజం మీంచి నడుం మీంచి వచ్చే ఈ మూడు చోట్ల పట్టుకునే బెల్ట్ పెట్టాడు, పేటెంట్ ఉన్నా మిగతా కంపెనీలు వాడుకోనిచ్చారు. ఇవాళ మన ఊళ్ళో ఆల్టోలో ఉన్నదీ అదే. నేను పోలీసు కనిపిస్తే పెట్టుకునే రకం, ఇది విన్నాక మానేశా. పిల్లల్ని వెనక్కి తిప్పి కూర్చోబెట్టే సీటు నమూనా 1964లో ఇక్కడే పరీక్షించి చూశారు, మీకు పిల్లలు పుడితే పనికొస్తుంది, నాలుగేళ్ళదాకా అలాగే కూర్చోబెట్టమంటారు ఇక్కడ. 1970 నుంచి వోల్వోకి సొంత టీమ్ ఒకటుంది, చుట్టుపక్కల వోల్వో కార్లకి యాక్సిడెంట్ అయితే వెళ్ళి రోడ్డు మీద టేపుతో కొలతలు తీసుకుంటారు, ఎవరి ఎముక ఎక్కడ విరిగిందో రాసుకుంటారు. నాకు నచ్చింది ఇదే, ఏసీ గదిలో కూర్చుని అనుకున్న సేఫ్టీ కాదు.

ఇంకో సరదా సంగతి, 1967 సెప్టెంబర్ 3 దాకా స్వీడన్‌లో మనలాగే ఎడమ పక్క నడిపేవాళ్ళు, ఆ ఆదివారం తెల్లారుజామున దేశం మొత్తం కుడికి మారిపోయింది. నేను ఎడమకి లాగేసినప్పుడల్లా తాత "నీకింకా సెప్టెంబర్ 2" అనేవాడు.

ఓనర్లు ఏమంటారంటే, ఎవరిని అడుగుతావన్న దాన్ని బట్టి. తాత లెక్కలో 1993లో 240 ఆపేసినప్పుడే వోల్వో అయిపోయింది, తర్వాతవన్నీ టీవీలు. కొత్త ఈఎక్స్30లో స్పీడు కూడా మధ్య స్క్రీన్‌లోనే చూడాలి, గ్లవ్ బాక్స్ తెరవాలన్నా స్క్రీన్ నొక్కాలి, దాని మీద సణుగుడు చాలానే ఉంది. 2020 నుంచి 180కి మించి పోకుండా కట్టేస్తే కొందరు గోల చేశారు, రోడ్డు మీద లిమిటే 120 అయితే నీకు 180 దాటి ఏం పనయ్యా. సీట్లు బాగుంటాయని అందరూ ఒప్పుకుంటారు, నడుం నొప్పి ఉన్నవాళ్ళు వీటిని వదలరు. పార్టులూ సర్వీసూ ఖరీదు, టొయోటాతో పోలిస్తే జేబు ఏడుస్తుంది. అమెరికాలో ఇర్వ్ గోర్డన్ అనే సైన్స్ మాస్టారు 1966లో కొన్న వోల్వో పీ1800ని 2013కల్లా 30 లక్షల మైళ్ళు నడిపాడు, వోల్వో వాళ్ళందరూ ఈ కథ చెప్తారు. నాకు మాత్రం అన్ని మైళ్ళు పక్క సీట్లో ఎవరు కూర్చున్నారా అనిపిస్తుంది.

నువ్వు పాతది కొంటే సర్వీసు పుస్తకం చూడు, కామ్‌రెమ్ అంటే టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో కాగితం అడుగు, అది తెగిందంటే చాలా బండ్లలో ఇంజిన్ పోయినట్టే. ఇన్సూరెన్స్ కొత్తవాళ్ళకి వాచిపోతుంది, మూడు నాలుగు చోట్ల అడుగు. ఊళ్ళోకి పోతే ట్రాఫిక్ రద్దీ టాక్స్ పడుతుంది, 2013 నుంచీ ఉంది. మిగతావి ట్రాన్స్‌పోర్ట్‌స్టైరెల్సెన్ సైట్లో ఇంగ్లీషులో ఉన్నాయి, నేను చెప్పక్కర్లా.

అసలైతే ఆ ఆర్నెల్లు కారే వద్దంటా. ట్రామ్ ఎక్కు, జనం పక్కన కూర్చో, వాళ్ళు మాట్లాడరు, పర్లేదు. ఆఫీసులో ఫికాకి, అంటే కాఫీ బ్రేక్‌కి, పిలిస్తే పనుంది అనకు, కాఫీ తాగకపోయినా వెళ్ళి కూర్చో, నేను రెండేళ్ళు వెళ్ళలేదు, తెలివిగా పని చేసుకుంటున్నా అనుకున్నా. లైసెన్స్ క్లాసు మాత్రం వచ్చిన మొదటి నెలే మొదలుపెట్టు. మరదలు వచ్చాక ఇద్దరూ కలిసి బండి చూసుకోండి, ఆవిడక్కూడా లైసెన్స్ తీయించు, ఇంట్లో ఒక్కతే కిటికీలోంచి చూస్తూ కూర్చోకుండా.

తాత నిరుడు పోయాడు. 240ని వాళ్ళ మనవడు ముప్పై స్పీడుకి కట్టేసి ట్రాక్టరు కింద మార్చుకున్నాడు, ఇక్కడ పదిహేనేళ్ళ పిల్లలు అలా నడపొచ్చు, వెనక ఎర్ర త్రికోణం తగిలించుకుని పాటలు పెట్టుకుని మా వీధిలోనే తిరుగుతుంటాడు, పక్కన ఎప్పుడూ ఎవరో ఒకరుంటారు.

నీ ఫ్లైట్ ల్యాండ్‌వెట్టర్‌లో ఎన్నింటికి దిగుతుందో చెప్పు. నా వి70 ఇంకా ఉంది, డిక్కీ ఖాళీ చేసి పెడతా, సూట్‌కేసులు వెనక వేసి నువ్వు ముందు కూర్చో. గోంగూర పచ్చడి తెస్తే మూత గట్టిగా బిగించి తే.